బొగ్గుబస్సు మాణిక్యాలరావు గారు

యుద్ధం ఆగిపోయిందన్న కబురు విని కోనసీమ మొత్తంలో దిగులుపడ్డ మనిషి ఒక్కడే. కొత్తపేటలో బొగ్గుబస్సు నడిపే మాణిక్యాలరావు. అతనికి జర్మనీ వాళ్ళ మీద ప్రేమా లేదు, ఇంగ్లీషు వాళ్ళ మీద కోపమూ లేదు. అసలు జర్మనీ ఎక్కడుందని అడిగితే రాజోలు వైపు చెయ్యి చూపించే రకం. అయినా సరే, ఆ యుద్ధం ఇంకో పదేళ్ళు సాగాలని రోజూ పొద్దున్నే స్టీరింగుకి దణ్ణం పెట్టుకుని మరీ కోరుకునేవాడు. ఎందుకంటే అతని బస్సు కౌలు కాగితంలో అలా రాసి ఉంది.

ఆ బస్సు నిజానికి కొత్తపేట ధర్మరాజు గారిది. యుద్ధానికి ముందు ముచ్చటపడి కొన్నారు. కొన్న రెండేళ్ళకే పెట్రోలుకి రేషను వచ్చిపడింది, బస్సు గొడ్లసావిట్లోకి చేరింది. కాకినాడ మీద బాంబు పడ్డ ఏడాది ఎవరో సలహా చెబితే ఆయన రాజమండ్రి నుంచి గ్యాసు డ్రమ్ము తెప్పించి బస్సు వెనక బిగించారు. నిలువెత్తు ఇనప డ్రమ్ము అది. పైనుంచి బొగ్గులు పోసి కింద నిప్పు పెడితే, లోపల పుట్టిన గ్యాసు గొట్టంలోంచి ఇంజనుకి వెళ్తుంది, బస్సు దగ్గుకుంటూ నడుస్తుంది. మొదటిరోజు ధర్మరాజు గారు ముందు సీట్లో దర్జాగా కూర్చుని అమలాపురం వెళ్ళారు. సాయంత్రం మసి కొట్టుకుపోయిన పంచెతో తిరిగొచ్చి, మళ్ళీ ఆ బండి మొహం చూడనన్నారు. దాని మీద డ్రైవరుగా ఉన్న మాణిక్యాన్ని పిలిచి కౌలుకి ఇచ్చేశారు.

కాగితం కరణం గారు రాశారు. "యుద్ధము సంపూర్ణముగా ముగిసిన దినము లగాయతు పదిహేను దినములలో సదరు బస్సును మాణిక్యాలరావు కొనవలెను, లేనిచో వాపసు చేయవలెను" అని అందులో ఉంది. కొనేట్టయితే అతని భార్య నూకాలమ్మకి పుట్టింటివారు ఇచ్చిన నలభై చెట్ల కొబ్బరిదొడ్డి ధర్మరాజు గారికి రాసివ్వాలి. ఆ రోజు కాగితం చదివి అందరూ నవ్వుకున్నారు, యుద్ధం అయ్యేనాటికి ఈ బస్సు మిగిలితే కదా అని. తీరా చూస్తే యుద్ధం అయిపోయింది, బస్సు మిగిలింది.

బస్సు పోతే పోయింది, ఇంకో బండి తోలుకుని బతకొచ్చు. మాణిక్యాలరావు భయం అది కాదు. బస్సుతో పాటు పేరు చివర ఉన్న "గారు" కూడా పోతుంది.

కోనసీమలో గారు అన్నది ధారాళంగా దొరికే సరుకే. అడ్డంగా పడుకున్న గేదెని కూడా "కాస్త జరగండి" అని బతిమాలే ఊళ్ళు ఇవి. అటువంటి చోట పుట్టి కూడా ముప్ఫయ్యారేళ్ళ వయసు వచ్చేదాకా అతనికి ఒక్క గారు దొరకలేదు. క్లీనరుగా ఉన్నప్పుడు "ఒరేయ్ మాణిక్యం, మూట అందుకో" అన్నారు. డ్రైవరయ్యాక "ఏం మాణిక్యం, ఎప్పుడు తీస్తున్నావు" అన్నారు. కౌలు కాగితం మీద సంతకం పెట్టిన మర్నాడు మాత్రం, అమలాపురం బళ్ళో పనిచేసే వరప్రసాదం మేస్టారు బస్సెక్కుతూ, "నమస్కారమండీ మాణిక్యాలరావు గారూ" అన్నారు. ఆ మాట చెవిన పడిన సంబరంలో అతను గేరు మార్చడం మర్చిపోయి పలివెల దాకా ఒకే గేరులో తీసుకెళ్ళాడు. మేస్టారిని చూసి మిగతా వాళ్ళూ మొదలుపెట్టారు. వారం తిరిగేసరికి ఊరంతా గారే. ఒక్క ధర్మరాజు గారు మాత్రం మొదటినుంచీ చివరిదాకా "ఒరేయ్ మాణిక్యం" దగ్గరే ఆగిపోయారు. ఇక నూకాలమ్మ సంగతంటారా, మొగుడి పేరు పెళ్ళాం పలకకూడదు కాబట్టి ఆమె నోట "ఏవండీ" తప్ప ఇంకో మాట వచ్చే ప్రశ్నే లేదు.

ఆ నూకాలమ్మ గురించి కూడా చెప్పాలి. గ్యాసు డ్రమ్ము దగ్గర పని అంటే క్లీనర్లు ఎవరూ నిలవలేదు. ఒకడికి దగ్గు, ఒకడికి కళ్ళ మంట, ఇంకొకడికి పెళ్ళిసంబంధం తప్పిపోయింది. ఆఖరికి మాణిక్యాలరావు పెళ్ళాన్నే పిలిచాడు. "ఒసేయ్ నూకాలూ, పొయ్యి రాజెయ్యడమేనే, ఇంకేం లేదు" అన్నాడు. ఆమె వచ్చి, డ్రమ్ము చుట్టూ రెండుసార్లు తిరిగి చూసి, చీరకొంగు నడుముకి దోపుకుంది. తన దొడ్లో కాయల చిప్పలే కాల్చి బొగ్గు చేసేది. ఆ బొగ్గుని చేటలో పోసి, బియ్యం చెరిగినట్టు నుసి చెరిగి పారబోసేది. శుక్రవారం పూట డ్రమ్ముకి పసుపు రాసి బొట్టు పెట్టేది. అంతకుముందు గంటసేపు విసిరితే గానీ అంటుకోని డ్రమ్ము, ఆమె చెయ్యి పడితే పావుగంటలో అంటుకునేది.

ప్రతి నాలుగు మైళ్ళకీ బస్సు ఆపి కింద బూడిద లాగాలి. ఎర్రటి నిప్పులతో కలిసి బూడిద బుట్టెడు వచ్చేది. ఇంత నిప్పు ఊరికే పారబొయ్యడానికి నూకాలమ్మకి ప్రాణం ఒప్పలేదు. ఒకరోజు ఆ బూడిదని ఇనప మూకుట్లోకి లాగి, అందులో నాలుగు చిలగడదుంపలు కప్పెట్టింది. పక్క స్టాపు వచ్చేసరికి అవి ఉడికి, తొక్క పగిలి, పంచదార పాకం కారుస్తున్నాయి. దుంపని రెండుగా విరిచి, కాస్త ఉప్పు జల్లి, అరిటాకు ముక్కలో పెట్టి వెనక సీటు వాళ్ళకి ఇచ్చింది. అంతే. మర్నాటినుంచి వెనక సీటు కోసం జనం తెల్లారగట్ల వచ్చి తువ్వాళ్ళు వేసుకోవడం మొదలుపెట్టారు. ఎండాకాలం పనసపిక్కలు, వర్షాల్లో లంకల నుంచి వచ్చే మొక్కజొన్నపొత్తులు, చలికాలం తేగలు, ఇవేవీ దొరకనప్పుడు దుంపలు. ఒక కానీ ఇస్తే ఓ ఆకు.

మాణిక్యాలరావు ఇవన్నీ పట్టించుకునేవాడు కాదు. బస్సు యజమానంతటి వాడు దుంప కొరుకుతూ కనిపిస్తే గారు అనడానికి జనానికి నోరెలా వస్తుందని అతని అనుమానం. పైగా వెనకనుంచి బయల్దేరిన ఆకులు డ్రైవరు సీటు దాకా ఏనాడూ చేరలేదు. మూడేళ్ళలో ఒక్క ముక్క అతను రుచి చూడలేదు. బస్సు రోజూ కిక్కిరిసి ఉంటే అది తన డ్రైవింగు గొప్పదనమే అనుకున్నాడు. ముసలయ్య అనే ఆసామి కోర్టు కేసుకని రోజూ అమలాపురం వచ్చేవాడు. వీరాయమ్మ అనే ఆవిడ రెండు కోడిపెట్టల్ని అమ్మడానికి రోజూ తీసుకెళ్ళి, రోజూ అమ్మకుండా తిరిగి తెచ్చుకునేది. వాళ్ళని చూసినప్పుడల్లా, నా బస్సంటే ఎంత నమ్మకమో అని అతని ఛాతీ పొంగేది.

ముక్కామల దగ్గర కాలవ మీద ఎత్తు వంతెన ఉంది. అక్కడ మాత్రం బొగ్గు గ్యాసు చాలేది కాదు. అందుకని వంతెన రాగానే జనం దిగిపోయేవారు, ఖాళీ బస్సు మూలుగుతూ వంతెనెక్కి దిగాక అవతల ఆగేది, నడిచొచ్చి మళ్ళీ ఎక్కేవారు. మూడేళ్ళయ్యేసరికి ఇది ఎవరూ చెప్పక్కర్లేని పని అయిపోయింది. బస్సు కాస్త నెమ్మదిస్తే చాలు, నిద్రపోయేవాళ్ళు కూడా లేచి దిగిపోయేవారు.

నలభై అయిదో సంవత్సరం మే నెలలో ధర్మరాజు గారు కర్ర ఊపుకుంటూ వచ్చారు.

"ఒరేయ్ మాణిక్యం, యుద్ధం అయిపోయిందంట కదరా."

"జర్మనీ ఒక్కటేనండి. జపాను ఇంకా ఉందండి" అన్నాడు మాణిక్యాలరావు. ఈ సంగతి మేస్టారి దగ్గర ముందే కనుక్కుని ఉంచుకున్నాడు. "కాగితంలో సంపూర్ణంగా అని ఉందండి మరి."

ఆగస్టులో ఆయన మళ్ళీ వచ్చారు. "జపాను కూడా చేతులెత్తేసిందట్రా."

"అది నోటిమాటేనండి. సంతకాలు అవ్వలేదంటండి."

సెప్టెంబరులో మూడోసారి వచ్చారు. "సంతకాలు కూడా అయ్యేయిరా. ఏదో ఓడ మీద చేసేరంట."

మాణిక్యాలరావు కాసేపు ఆలోచించాడు. "ఓడ మీద చేస్తే చెల్లుతుందంటారాండీ? రిజిస్ట్రాఫీసులో కదండీ చెయ్యాలి?"

ధర్మరాజు గారికి ఈ ప్రశ్న నిజంగానే సమంజసంగా తోచింది. రెండు రోజులు ఆలోచించి, అమలాపురంలో ప్లీడరు గారిని అడిగి, ఆయన నవ్వు ఆపుకున్నాక చెప్పిన జవాబు విని, కోపంగా తిరిగొచ్చారు. "చెల్లుతుందంటరా. ఇవాళ్టి నుంచి పదిహేను రోజులు. దొడ్డి రాసిస్తావో, బస్సు తోలుకొచ్చి సావిట్లో పెడతావో తేల్చుకో" అని వెళ్ళిపోయారు.

ఆ పదిహేను రోజులూ మాణిక్యాలరావు పడ్డ యాతన పగవాడికి కూడా వద్దు. కొంటే నూకాలమ్మ దొడ్డి పోతుంది. కొనకపోతే గారు పోతుంది. దొడ్డి ఆమెది, గారు తనది. ఈ తూకం ఎంత ఆలోచించినా తెగలేదు. నలుగుర్నీ అడుగుదామని బయల్దేరాడు. కోనసీమలో సలహా అడగడమంత తెలివితక్కువ పని ఇంకోటి లేదని పాపం అతనికి తెలియదు.

"ఏవండీ మేస్టారూ, బస్సు కొనేస్తే బాగుంటుందంటారా?"

"ఆయ్, చాలా బాగుంటుందండి."

"దొడ్డి పోతుంది కదండీ. వదిలేస్తేనో?"

"ఆయ్, అదీ బాగుంటుందండి."

"పెట్రోలు వచ్చేస్తే కొత్త బస్సులు దిగుతాయి, అప్పుడు ఈ పాత బండి ఎవరెక్కుతారండీ?"

"ఎవరూ ఎక్కరండి."

"కాదండీ, మన బస్సు మీద జనానికి నమ్మకం కదండీ."

"అందరూ ఎక్కుతారండి" అన్నారు మేస్టారు, అంతే నమ్మకంగా.

మనిషి ఏమంటే దానికి ఆయ్ అనడం ఇక్కడి మర్యాద. ఎదుటివాడి మాట కాదనడం చెయ్యి చేసుకోవడంతో సమానం. ముసలయ్యని అడిగితే ఆయ్ అన్నాడు. వీరాయమ్మ ఆయ్ అని, కోళ్ళ చేత కూడా అనిపించేలా ఉంది. పదకొండు రోజుల్లో నలభై మందిని అడిగాడు. కొనమని నలభై మంది, వద్దని ఆ నలభై మందే చెప్పారు. నూకాలమ్మని అడిగితే ఆమె బొగ్గు చెరుగుతూనే "మీరు ఎలాగంటే అలాగేనండి" అంది. అదీ మర్యాదే కదా అనుకుని అతను ఇంకా విసుక్కున్నాడు.

పన్నెండో రోజున ధర్మరాజు గారే ఒక ఉపాయం చేశారు. ఆయనకి ఆ కొబ్బరిదొడ్డి మీద కన్నుంది. ఎక్కడో కూపను సంపాదించి నాలుగు గ్యాలన్ల పెట్రోలు తెప్పించారు. "బంగారం లాంటి బండిరా, బొగ్గు తిని ఇలా అయిపోయింది. దీంతో ఓ రోజు తోలి చూడు. అప్పుడు కొననని అనగలవేమో చూస్తాను" అన్నారు. కమ్మరి పోతురాజు వచ్చి బోల్టులు విప్పి గ్యాసు డ్రమ్ముని మాణిక్యాలరావు ఇంటి ముందు, రోడ్డు పక్కన దింపాడు. నూకాలమ్మకి ఆ రోజు బస్సులో పని లేదు. మూడేళ్ళలో మొదటిసారి అరుగు మీద ఖాళీగా కూర్చుని, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒకదాన్నొకటి పట్టుకుంది.

బస్సు ఒక్క తిప్పుకి స్టార్టయింది. దగ్గు లేదు, మూలుగు లేదు. మాణిక్యాలరావు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తన బస్సు ఇంత నాజూకు మనిషని అతనికి ఇన్నాళ్ళూ తెలియదు. పలివెలలో బూడిద లాగే పని లేదు కాబట్టి ఆగలేదు. వెనక జనం అలవాటు కొద్దీ అరిటాకు ముక్కలు పట్టుకుని సిద్ధంగా కూర్చున్నారన్న సంగతి అతను చూడలేదు. హారను మోగించుకుంటూ, ఎదురొచ్చిన బండ్లవాళ్ళకి చెయ్యి ఊపుకుంటూ, ఇక దొడ్డి పోతే పోయింది, కొనేద్దామని సగం దారిలోనే తీర్మానించేసుకున్నాడు.

ముక్కామల వంతెన వచ్చింది. ఎదురుగా గడ్డి మోపుల బండి ఉంటే బస్సు నెమ్మది చేశాడు. అది తప్పుకోగానే గట్టిగా తొక్కాడు. బస్సు వంతెనని ఎక్కింది, దిగింది, ఎక్కినట్టు కూడా తెలియలేదు. ఆ ఆనందం తట్టుకోలేక అతను కూనిరాగం తీశాడు. జనం కూడా ఆశ్చర్యంతో నోట మాట రాక కూర్చున్నారనుకున్నాడు. అంత నిశ్శబ్దంగా ఉన్నారు వాళ్ళు.

మూడు గంటల దారి గంటలో అయిపోయింది. అమలాపురం స్టాండులో బస్సు ఆపి, మీసం సవరించుకుని, మెచ్చుకోళ్ళు అందుకోవడానికి మెల్లిగా వెనక్కి తిరిగాడు. బస్సులో మేస్టారి గొడుగు ఉంది. వీరాయమ్మ గారి కోళ్ళు రెండూ ఉన్నాయి. మనుషులు లేరు.

అలవాటు చొప్పున వంతెన దగ్గర అందరూ దిగిపోయారని అర్థం కావడానికి అతనికి కొంతసేపు పట్టింది. కోళ్ళు కూడా ఏమిటి సంగతన్నట్టు అతని వంకే చూస్తున్నాయి. అతను బస్సు తిప్పాడు. వంతెన దగ్గర కాళ్ళు నొప్పెట్టేలా నిలబడి తిట్టుకుంటూ ఉంటారని దారంతా చెమటలు కక్కాడు. వంతెన దగ్గర ఎవరూ లేరు. పలివెలలో లేరు. కొత్తపేట వచ్చి తన ఇంటి ముందుకి చేరేసరికి అందరూ కనిపించారు.

గ్యాసు డ్రమ్ము రాజుకుని ఉంది. ఖాళీగా కూర్చోలేక నూకాలమ్మ దాన్ని వెలిగించేసింది. వెనక్కి నడిచొస్తున్న ప్రయాణికుల ముక్కులకి దూరంనుంచే వాసన తగిలింది. ఇప్పుడు వాళ్ళు డ్రమ్ము చుట్టూ బస్సులో సీట్ల వరసలోనే కింద కూర్చుని, ఒళ్ళో ఆకులు పెట్టుకుని దుంపలు ఊదుకుంటున్నారు. దారిన పోయే బండ్లవాళ్ళు కూడా ఎడ్లని విప్పేసి వరసలో చేరారు. ఎవరి మొహంలోనూ కోపమన్నది లేదు.

"చాలా బాగా తోలేరండీ మాణిక్యాలరావు గారూ" అన్నారు మేస్టారు గొడుగు అందుకుంటూ. "వంతెన మీద నుంచి చూసేం. కనుచూపు మేర చూసేం."

"ఆయ్, అంత జోరు ఎప్పుడూ చూళ్ళేదండి" అంది వీరాయమ్మ కోళ్ళని లెక్కపెట్టుకుంటూ.

మాణిక్యాలరావు సిగ్గుతో చచ్చిపోయాడు. కనీసం ఒక్కరికైనా ఉపకారం చేద్దామని ముసలయ్య దగ్గరికి వెళ్ళాడు. "ఎక్కండి బాబూ, ఇప్పుడు బయల్దేరినా మీ కోర్టు వేళకి దింపేస్తాను."

"కేసు కొట్టేసి రెండేళ్ళయిందండి" అన్నాడు ముసలయ్య నెమ్మదిగా.

"మరి రోజూ అమలాపురం ఎందుకండీ వస్తున్నారు?"

ముసలయ్య ఇంకో ముక్క విరిచాడు. నోటి నిండా దుంప ఉంది.

ఆ సాయంత్రం జనం చెదిరిపోయాక మాణిక్యాలరావు అరుగు మీద కూలబడ్డాడు. పొద్దుటినుంచీ ఏమీ తినలేదు. నూకాలమ్మ మూకుడు అడుగున మిగిలిన దుంపని ఊది, విరిచి, ఆకులో పెట్టి పక్కన ఉంచింది. ఎవరూ చూడ్డం లేదు కదా అని అతను ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాడు. తర్వాత రెండో ముక్క. తర్వాత తొక్కకి అంటుకున్నది కూడా గీకి తిన్నాడు. నోరంతా తియ్యగా ఉంటే మనసు మాత్రం చేదుగా అయిపోయింది. మూడేళ్ళుగా తన డ్రైవింగు చూసి ఎవరూ ఎక్కలేదని అప్పుడు తెలిసింది.

"ఒసేయ్ నూకాలూ, మూడేళ్ళ బట్టీ ఇదేనా నువ్వు వాళ్ళకి పెడుతున్నది?"

"ఆయ్."

"నాకు ఒక్కసారైనా చెప్పలేదేం?"

"మీరు బస్సు మీద ఉన్నారు కదండీ" అంది ఆమె. మూకుట్లో బూడిద సర్దుతూ, "బస్సు పోతే నలుగురూ మిమ్మల్ని ఏవని పిలుస్తారోనని నాకూ బెంగగానే ఉందండి. దొడ్డి పోతుందని వెనకాడకండి. చిప్పలు కొనుక్కోవచ్చు" అంది.

అతను ఆమె చేతుల వైపు చూశాడు. వేళ్ళ చివర్లు కాలి కాలి మొద్దుబారిపోయి ఉన్నాయి. ఆ చేతుల్ని పదకొండేళ్ళుగా చూస్తున్నాడు గానీ సరిగ్గా చూసింది ఆ పూటే. తను గారు అనిపించుకుంటూ ముందు కూర్చుంటే, ఆ గారుకి కావలసిన నిప్పంతా వెనక ఈ మనిషి రాజేసింది. అతనికి సిగ్గేసింది. ఆ సిగ్గు అంతకుముందు జనం ముందు పడ్డ సిగ్గు కంటే చాలా పెద్దది.

పదిహేనో రోజున బస్సుని కడిగి, తుడిచి, ధర్మరాజు గారి సావిట్లో పెట్టాడు.

"బస్సు మీరే ఉంచుకోండి. ఆ డ్రమ్ము ఒక్కటీ నాకు ఇప్పించండి" అన్నాడు.

ధర్మరాజు గారు తెల్లబోయారు. పెట్రోలు బస్సు వదులుకుని పొగ డ్రమ్ము అడిగే మనిషిని ఆయన అంతవరకు చూడలేదు. "నీకేవన్నా మతి పోయిందేంట్రా? ఆ తుప్పు డ్రమ్ము ఎవడిక్కావాలి? ఓ యాభై కొబ్బరికాయలు పడేసి పట్టుకుపో" అన్నారు. కాయలు నూకాలమ్మ దొడ్లోంచే దింపించారు.

మాణిక్యాలరావు తను చేసిన పని గొప్పదని అనుకుని ఇంటికొచ్చాడు గానీ, గొప్పపని చేసినంత మాత్రాన మర్నాడు పొద్దున్న తేలిగ్గా ఉండదు. ఇంటి ముందు నూకాలమ్మ రాజేసిన డ్రమ్ము దగ్గరికి ముసలయ్య వస్తూనే, "ఏం మాణిక్యం, వాయి దిగిందా?" అన్నాడు. చెడ్డ ఉద్దేశమేమీ లేదు పాపం. బస్సు లేదు కాబట్టి గారు లేదు, అంతే. మేస్టారు కూడా ఒక్క క్షణం తడబడి "మాణిక్యం" అనేశారు. ధర్మరాజు గారు బస్సు మీదకి గంగాధర్ అని కొత్త డ్రైవర్ని పెట్టారు. మీసం కూడా సరిగ్గా రాని కుర్రాడు. ఆ సీటుకి గారు అలవాటైపోయింది కాబట్టి వాణ్ణి మొదటిరోజే "గంగాధర్ గారూ" అన్నారు. ఆ మాట విన్నప్పుడల్లా మాణిక్యాలరావు అటు చూసేవాడు కాదు. తల వంచుకుని బొగ్గు చెరిగేవాడు.

బస్సు రోజూ ఆ ఇంటి ముందే ఆగాలి, ఎందుకంటే ప్రయాణికులు అక్కడే ఉంటారు. ఆగడం వరకు బాగానే ఉంది, కదలడమే కష్టమైపోయింది. గంగాధర్ హారను కొడితే జనం "ఆయ్, వచ్చేస్తున్నామండి" అని మర్యాదగా చెప్పి, కదలకుండా కూర్చునేవారు. వాయి దిగి, పంచి, తిని, చేతులు కడుక్కునేసరికి గంట గడిచేది. పెట్రోలు వల్ల మిగిలిన రెండు గంటల్లో ఒకటి ఇక్కడ ఖర్చయ్యేది. సంక్రాంతి వెళ్ళి తేగలు దిగేసరికి గంట కాస్తా గంటన్నర అయింది. పైనుంచి వచ్చే పెట్రోలు కూపన్లు ఇంజను ఆడుతూ నిలబడి ఉన్న బస్సుకి కూడా ఖర్చవుతున్నాయని గంగాధర్ యజమానికి ఫిర్యాదు చేశాడు.

ఒకరోజు పొద్దున్న ధర్మరాజు గారే స్వయంగా బస్సులో వచ్చారు. తెల్లటి ఇస్త్రీ పంచె కట్టుకుని ముందు సీట్లోంచి దిగి, జనాన్ని గదమాయిద్దామని కర్ర పైకెత్తారు. అప్పుడే నూకాలమ్మ మూకుడు మీద బూడిద కాస్త పక్కకి జరిపింది. కాలిన తేగల వాసన గుప్పుమని వచ్చింది. ఎత్తిన కర్ర అలాగే మెల్లగా కిందికి దిగింది. ఆయన గుటక వేశారు. చుట్టూ చూశారు. అందరూ వరసలో ఉన్నారు. మాణిక్యాలరావు ఒక పక్కన బొగ్గు చేటతో నిలబడి ఉన్నాడు.

"ఒరేయ్ మాణిక్యం" అన్నారు గొంతు తగ్గించి. "నూకాలమ్మ గారు ఈ వాయి ఎప్పటికి దింపుతారో కాస్త కనుక్కుని చెప్పరా."

మాణిక్యాలరావు చేతిలో చేట ఆగిపోయింది. నూకాలమ్మ గారు. మూడేళ్ళు ఎదురుచూసిన మాట, ఎదురుచూసిన నోటినుంచే వచ్చింది. వచ్చి తన గుమ్మంలో ఆగి, తనని దాటుకుని, డ్రమ్ము దగ్గరికి వెళ్ళింది. మొదట ఒళ్ళు మండింది. ఆ తర్వాత ఎక్కడినుంచో నవ్వొచ్చింది. సరైన చోటికే వెళ్ళిందిలే అనిపించింది. అలా అనిపించినందుకు అతనికే ఆశ్చర్యమేసింది.

చేట కింద పెట్టి, తువ్వాలుతో చేతులు తుడుచుకుని, నూకాలమ్మ దగ్గరికి వెళ్ళాడు. పదకొండేళ్ళుగా ఒసేయ్ అన్న నోటితో, అందరూ వినేలాగే అన్నాడు. "ఏవండీ నూకాలమ్మ గారూ, రాజు గారు అడుగుతున్నారండి, ఎంతసేపు పడుతుందని."

మేస్టారు తింటున్న తేగని ఆపి చూశారు. వీరాయమ్మ కోళ్ళ మీద చెయ్యి వేసింది.

నూకాలమ్మ మూకుడు మీదనుంచి తలెత్తి చూసింది. పొగకి కళ్ళు మండినట్టు కొంగుతో ఒత్తుకుంది. మూకుడులోంచి బాగా కాలిన తేగ ఒకటి ఏరి, రెండుగా చీల్చి, అరిటాకులో పెట్టి మాణిక్యాలరావు చేతికి ఇచ్చింది. తర్వాత ధర్మరాజు గారి వైపు తిరిగి, ఆమె గొంతు అంత గట్టిగా ఉంటుందని ఎవరికీ తెలియనంత గట్టిగా అంది.

"కూర్చోండి రాజు గారూ. ప్రతి వాయిలోనూ మొదటిది మా ఆయన గారికండి. మీది తరవాత."

"ఆయ్" అన్నారు ధర్మరాజు గారు, ఇస్త్రీ పంచెతో బొగ్గు బస్తా మీద కూర్చుంటూ.